కారు స్టార్ట్ కాకపోతే: కరెంటు ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవడం ఎలా?

తాళం తిప్పారు. టక్‌మని ఒక్క చప్పుడు వచ్చింది, అంతే. మళ్లీ తిప్పారు, మళ్లీ టక్. ఆ టెన్షన్‌లో చాలామంది పది పదిహేనుసార్లు సెల్ఫ్ కొడతారు. బ్యాటరీలో మిగిలిన కాస్త చార్జీ కూడా దాంతో అయిపోతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు "బ్యాటరీ పోయి ఉంటుంది" అంటారు, కొత్తది కొనేస్తారు.

నా కారుకూ ఇదే జరిగింది. బ్యాటరీ మార్పించాక మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు మళ్లీ అదే టక్. చివరికి చూస్తే, ఇంజిన్‌ని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి, నాలుగైదు పోగుల మీద వేలాడుతోంది. పాత బ్యాటరీలో ఏ లోపమూ లేదు. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మీటరు పెట్టి కొలవకుండా ఏ పార్టూ మార్చను.

కారులో ఎలక్ట్రికల్ లోపం వెతకడమంటే బ్యాటరీలో ఉన్న 12 వోల్టులు దారిలో ఎక్కడ తగ్గిపోతున్నాయో చూడటమే. దీనికి ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు, సెల్ఫ్ కొట్టడానికి తోడుగా ఒక మనిషి ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు

హ్యాండ్‌బ్రేక్ వేయండి. గేర్ న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచండి. చేతికి ఉంగరం, లోహపు గడియారం ఉంటే తీసేయండి. బ్యాటరీ ప్లస్‌కి, బాడీకి మధ్య ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గర్లో సిగరెట్, మంట ఉండకూడదు. బ్యాటరీ విప్పాల్సి వస్తే మైనస్ ముందు తీయండి, బిగించేటప్పుడు చివర బిగించండి. ప్లస్ విప్పుతున్నప్పుడు పానా బాడీకి తగిలినా షార్ట్ కాకుండా ఉండేది ఈ వరుస వల్లే.

మీది హైబ్రిడ్ అయితే నారింజ రంగు కేబుళ్ల జోలికి అస్సలు వెళ్లకండి. వాటిలో వందల వోల్టులు ఉంటాయి. కింద చెప్పేదంతా 12 వోల్టుల వైపు సంగతే.

ముందు చెవి, కన్ను

మీటరు తీయకముందే సగం సంగతి తెలిసిపోతుంది. హెడ్‌లైట్లు వేసి, వాటిని చూస్తూ సెల్ఫ్ కొట్టించండి. ఎల్‌ఈడీ హెడ్‌లైట్లయితే వోల్టేజీ తగ్గినా వెలుగు పెద్దగా తగ్గకపోవచ్చు. అలాంటి కార్లలో మామూలు బల్బు ఏదైనా ఉంటే దాన్ని గమనించండి.

లైట్లు పూర్తిగా ఆరిపోయి, తాళం వదలగానే మళ్లీ వెలిగితే బ్యాటరీ బాగా డౌన్ అయి ఉండాలి, లేదా టెర్మినల్ దగ్గర కనెక్షన్ లూజై ఉండాలి. టకటకటకా అని వరుసగా చప్పుడు వచ్చినా దాదాపు అదే అర్థం. సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారు మీద ఉండే, మోటారులోకి కరెంటు వదిలే అయస్కాంతపు స్విచ్) లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఒక్క టక్ మాత్రమే వచ్చి, లైట్లు ఏమాత్రం తగ్గకపోతే సెల్ఫ్ మోటారునో, నా కారులోలాగా దాని లావు కేబుళ్లనో, ఎర్త్‌నో అనుమానించాలి. సోలినాయిడ్ లాగింది కానీ మోటారులోకి కరెంటు పోలేదన్నమాట. సన్నటి టక్ అయితే అది రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) చప్పుడు కూడా కావచ్చు. అసలు చప్పుడే లేకుండా లైట్లు నిండుగా వెలుగుతుంటే, సెల్ఫ్‌కి ఆజ్ఞ తీసుకెళ్లే చిన్న సర్క్యూట్‌లో, అంటే తాళం స్విచ్, రిలే, ఫ్యూజు, క్లచ్ స్విచ్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళమైతేనే స్టార్ట్ కానిచ్చే దొంగతనం కాపలా) వీటిలో ఎక్కడో తెగింది.

సెల్ఫ్ మామూలుగా, హుషారుగా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే అది వేరే దారి. దాని గురించి తర్వాత చెబుతాను.

బ్యాటరీ కొలత

మీటరుని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. కారు అప్పుడే నడిచి ఆగినా, బ్యాటరీ చార్జర్ నుంచి అప్పుడే తీసినా పైపైన కొంత ఎక్కువ వోల్టేజీ కనిపిస్తుంది. రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పి, ఇంకో రెండు నిమిషాలు ఆగి కొలవండి.

మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12.0 దగ్గరికి వచ్చిందంటే పావు వంతే మిగిలింది. 11.9 కన్నా తక్కువుంటే ముందు చార్జింగ్ పెట్టండి, మిగతా పరీక్షలు ఆ తర్వాతే. చార్జీ లేని బ్యాటరీతో చేసే కొలతలన్నీ తప్పుదారి పట్టిస్తాయి.

12.6 చూపించింది కదా అని బ్యాటరీ బాగుందని తేల్చేయకండి. అది ఖాళీగా కూర్చున్నప్పటి మాట. సెల్ఫ్ మోటారు చిన్న పెట్రోలు ఇంజిన్‌లో కూడా 100 ఆంపియర్లకు పైగా లాగుతుంది, డీజిల్‌లో ఇంకా ఎక్కువ. ఆ బరువు పడినప్పుడు ఎంత నిలబడుతుందన్నదే అసలు పరీక్ష. మీటరు ప్రోబ్‌లు (వైర్ల కొసన ఉండే సూదులు) బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మీద ఉంచి సెల్ఫ్ కొట్టించండి. మామూలు వాతావరణంలో 9.6 వోల్టుల కన్నా కిందికి పోకూడదు. 12.5 ఉన్నది సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో పడిపోతే, పూర్తిగా చార్జి చేసి మళ్లీ చూడండి. అప్పుడూ పడిపోతుంటే బ్యాటరీ లోపల పాడైనట్టు. అరుదుగా మోటారే బిగుసుకుపోయి విపరీతంగా కరెంటు లాగుతున్నా ఇలాగే కనిపిస్తుంది. జంప్ పెట్టినా, అంటే వేరే కారు బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు ఇచ్చినా, మోటారు తిరగలేక మూలుగుతుంటే అది గుర్తుచేసుకోండి.

సెల్ఫ్ కొట్టినప్పుడు 12.5 కాస్తా 12.4 అయి అక్కడే నిలిచిందనుకోండి. బ్యాటరీ బ్రహ్మాండంగా ఉందని చాలామంది సంతోషిస్తారు. నిజానికి దాని నుంచి ఎవరూ కరెంటు అడగలేదని దానర్థం. దారిలో ఎక్కడో తెగింది.

తుప్పు, ఎర్త్: ఎక్కువమంది వదిలేసే చోటు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బాగున్న బ్యాటరీలు, బాగున్న సెల్ఫ్ మోటార్లు అనవసరంగా మారిపోయేది ఎక్కువగా ఇక్కడి తప్పు వల్లే.

ఒక చిన్న లెక్క చూడండి. కేబుల్ కొసన తుప్పు వల్ల 0.01 ఓమ్ నిరోధం వచ్చిందనుకుందాం. లెక్కలోకి రానంత చిన్నది. కానీ దాని గుండా 150 ఆంపియర్లు పోవాలంటే అక్కడే 1.5 వోల్టులు ఖర్చయిపోతాయి. రెండు చోట్ల అలా ఉంటే 3 వోల్టులు పోయినట్టే, ఇక సెల్ఫ్ తిరగడానికి మిగిలేదేముంది? అదే కేబుల్‌లో రూఫ్ లైటుకు కావాల్సిన అర ఆంపియరు పోతే తగ్గేది 0.005 వోల్టు. అందుకే లైట్లు, హారన్, పాటలు అన్నీ బాగుంటాయి, సెల్ఫ్ మాత్రం తీసుకోదు.

కేబుల్‌ని ఓమ్స్‌లో పెట్టి చూడటం వల్ల లాభం లేకపోవడానికీ కారణం ఇదే. మామూలు మీటరు 0.01 ఓమ్‌ని సరిగ్గా చూపలేదు. వైరు తెగలేదంటే మీటరు కూసే బీప్ పరీక్ష అంతకన్నా నమ్మరానిది. వంద పోగుల కేబుల్‌లో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. కేబుల్‌లో కరెంటు పారుతున్నప్పుడు దాని రెండు కొసల మధ్య ఎన్ని వోల్టులు తగ్గాయో కొలవాలి.

ఎర్త్ వైపు, అంటే కరెంటు ఇంజిన్, బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి, ముందు చూడండి. నల్ల ప్రోబ్‌ని బ్యాటరీ మైనస్ దిమ్మ మీద పెట్టండి. కేబుల్‌ని దిమ్మకి బిగించే క్లాంపు మీద కాదు, దాని మధ్యలో పైకి కనిపించే సీసం మీదే. ఎర్ర ప్రోబ్‌ని ఇంజిన్ మీద పెయింటు లేని లోహానికి ఆనించండి. సెల్ఫ్ కొట్టించి అంకె చూడండి. 0.2 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగుంది. అర వోల్టో, వోల్టో చూపిస్తే లోపం దొరికినట్టే. ఇప్పుడు ఎర్ర ప్రోబ్‌ని ఇంజిన్ మీది నుంచి తీసి ఒక్కో మెట్టు వెనక్కి రండి: ఎర్త్ కేబుల్ బాడీకి బిగించిన బోల్టు, ఆ కేబుల్ కొస, బ్యాటరీ క్లాంపు. అంకె ఒక్కసారిగా ఎక్కడ పడిపోతుందో, ఆ రెండు చోట్ల మధ్యే తుప్పుంది. దిమ్మకీ క్లాంపుకీ మధ్య దాదాపు సున్నా రావాలి. అవి ఒకదాన్నొకటి తాకుతూ కూర్చున్న లోహాలు, వాటి మధ్య వోల్టేజీ కనిపించకూడదు.

ప్లస్ వైపూ అదే పద్ధతి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ దిమ్మ మీద, నల్ల ప్రోబ్ సెల్ఫ్ మోటారు మీద లావు కేబుల్ బిగించిన బోల్టు మీద పెట్టండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అర వోల్టు మించకూడదు.

ఒక జాగ్రత్త. సెల్ఫ్ అసలు కరెంటే లాగకపోతే, అంటే టక్ కూడా రాకపోతే, ఈ అంకెలన్నీ సున్నా దగ్గరే ఉంటాయి. అంతమాత్రాన కేబుళ్లు బాగున్నాయని కాదు, పరీక్షే జరగలేదని.

మీటరు లేకపోతే ఒక సులువైన ఉపాయం ఉంది. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని, మీ బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్ మీది గట్టి లోహానికి కలిపి సెల్ఫ్ కొట్టండి. గిర్రున తిరిగిందంటే దోషం ఎర్త్‌దే.

శుభ్రం చేయడం తేలికే. క్లాంపులు విప్పి, తెల్లగా, నీలిపచ్చగా పేరుకున్న పొడి మీద వంటసోడా కలిపిన నీళ్లు పోయండి. నురగ ఆగాక తుడిచి ఆరబెట్టి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. బ్యాటరీ మూతలు ఉన్న రకమైతే ఆ నీళ్లు లోపలికి పోకుండా చూసుకోండి. బిగించాక చేత్తో తిప్పితే క్లాంపు కదలకూడదు. బాడీ మీది ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు ఉంటే గీకి తీసి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి. జెల్లీ బిగించాకే రాయాలి, ముందు కాదు.

సెల్ఫ్‌కి ఆజ్ఞ అందుతోందా?

బ్యాటరీ, కేబుళ్లు బాగున్నాయని తేలాక సెల్ఫ్ మోటారు దగ్గరికి రండి. దాని సోలినాయిడ్ మీద లావు కేబుల్ కాక ఒక సన్నటి వైరు ఉంటుంది. చాలా కార్ల వైరింగ్ బొమ్మల్లో దాన్ని 50వ నంబరు టెర్మినల్ అంటారు. నల్ల ప్రోబ్ ఇంజిన్ మీద, ఎర్ర ప్రోబ్ ఆ సన్నటి వైరు దగ్గర పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ఫ్యాన్లకు, బెల్టులకు చేతులు, వైర్లు దూరంగా ఉండాలి.

అక్కడ 10 వోల్టులకు పైగా వచ్చి, లావు బోల్టు దగ్గర కూడా నిండు వోల్టేజీ ఉండి మోటారు తిరగకపోతే ఇక వాదన లేదు, సెల్ఫ్ విప్పాల్సిందే. సోలినాయిడ్ లోపలి రాగి బిళ్ల కాలిపోయి ఉంటుంది, లేదా కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటాయి. బ్రష్‌లు అరిగితే, ఒకరు తాళం తిప్పుతుండగా మోటారు మీద చెక్కతో మెల్లగా తట్టితే ఒక్కోసారి తిరుగుతుంది. ఇంటికి చేరడానికి పనికొస్తుందే తప్ప అది మరమ్మతు కాదు.

7, 8 వోల్టులే వస్తుంటే తాళం స్విచ్‌లోనో, రిలేలోనో కాంటాక్టులు కాలాయి. "పదిసార్లు తిప్పితే ఒకసారి తీసుకుంటుంది" అనే బళ్లలో దీన్ని తప్పక చూడండి. ఏమీ రాకపోతే వెనక్కి వెళ్లాలి.

వెనక్కి వెళ్లేటప్పుడు తేలికైనవి ముందు చూడండి. ఆటోమేటిక్‌ని పార్క్ నుంచి న్యూట్రల్‌కి మార్చి ప్రయత్నించండి. అప్పుడు తీసుకుంటే గేర్ స్థానం చెప్పే స్విచ్ లోపం. మాన్యువల్‌లో క్లచ్ అడుగుదాకా తొక్కండి, కింద మ్యాట్ అడ్డం పడుతోందేమో చూడండి. బటన్ స్టార్ట్ కారులో బ్రేక్ తొక్కితే వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా? వెలగకపోతే బ్రేక్ స్విచ్, దాని ఫ్యూజు చూడండి. మీరు బ్రేక్ తొక్కిన సంగతే కారుకి తెలియడం లేదు.

ఫ్యూజుని కంటితో చూసి సరిపెట్టుకోకండి, సన్నటి పగులు కనిపించదు. ఫ్యూజు పైన రెండు చిన్న రంధ్రాలుంటాయి. ఆ సర్క్యూట్ ఆన్‌లో ఉండగా రెండింటిలోనూ 12 వోల్టులు రావాలి, ఒకదాంట్లోనే వస్తే ఫ్యూజు పోయింది. రాసి ఉన్న ఆంపియర్ల ఫ్యూజే వేయండి. వైరు ముక్క చుట్టి నడిపితే తర్వాత కాలేది లోపలి వైరింగ్. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే షార్ట్ ఎక్కడుందో వెతకాలి, ఇంకో ఫ్యూజు కాదు.

రిలేని చూడటం ఇంకా తేలిక. అదే బాక్సులో అదే నంబరున్న రిలే, హారన్‌దో మరోదో, ఉంటే రెండూ అటూ ఇటూ మార్చండి. సెల్ఫ్ తీసుకుంటే రిలేదే లోపం.

స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినళ్లు కలిపి స్టార్ట్ చేయడం మీరు చూసే ఉంటారు. దయచేసి చేయకండి. ఆ పద్ధతిలో న్యూట్రల్ స్విచ్ కాపలా ఉండదు. గేర్‌లో ఉంటే బండి ముందున్న మనిషి మీదికే దూకుతుంది.

మీటర్ బోర్డు మీద తాళం బొమ్మ లైటు ఆగకుండా మిణుకుమంటుంటే కారు మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు. రెండో తాళంతో ప్రయత్నించండి. బటన్ స్టార్ట్ అయితే రిమోట్‌లోని సెల్ అయిపోయి ఉండొచ్చు. చాలా కార్లలో రిమోట్‌ని బటన్‌కి ఆనించి నొక్కితే స్టార్ట్ అవుతుంది. కొన్నిటిలో ఆ చోటు వేరే ఉంటుంది, కారు పుస్తకంలో రాసి ఉంటుంది.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు

పెట్రోలు కారైతే తాళం ఆన్ చేసి చెవి పెట్టండి. చాలా కార్లలో వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు పెట్రోలు పంపు గుయ్‌మనాలి. వినబడకపోతే దాని ఫ్యూజు, రిలే, ఆపైన పంపు ప్లగ్గులో వోల్టేజీ చూడండి.

పంపు బాగుంటే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే పరికరం) పెట్టి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ఎంత చూపిస్తుందో చూడండి. ఇంజిన్ తిరుగుతుంటే సుమారు 200 దగ్గర ఏదో అంకె రావాలి. సున్నా అని చూపిస్తే ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్‌ని, దాని వైరుని అనుమానించండి. ఇంజిన్ తిరుగుతోందన్న కబురు అందకపోతే కంప్యూటర్ ఇంధనమూ ఇవ్వదు, స్పార్కూ ఇవ్వదు. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బళ్లలో ఈ సెన్సర్ తరచుగా దొరుకుతుంది. స్పార్క్ చూద్దామని, స్పార్క్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ లాగి చేత్తో పట్టుకోకండి, అందులో వేల వోల్టులు ఉంటాయి. ఒకేసారి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో అర నిమిషమైనా ఆపండి.

జంప్ పెట్టి లేపాక

ఎర్ర కేబుల్ ముందు మీ ప్లస్‌కి, తర్వాత సాయం వచ్చిన కారు ప్లస్‌కి. నల్ల కేబుల్ ఆ కారు మైనస్‌కి, చివరి కొస మాత్రం మీ బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజిన్ లోహానికి. ఆఖరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ వస్తుంది, అది బ్యాటరీ వాయువు దగ్గర రాకూడదు. 24 వోల్టుల లారీ నుంచి జంప్ తీసుకోవద్దు.

స్టార్ట్ అయ్యాక కేబుళ్లు తీసి, ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ వోల్టేజీ కొలవండి. సాధారణంగా 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. కొన్ని కొత్త కార్లు చార్జింగ్‌ని తామే తగ్గించుకుంటాయి కాబట్టి హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూడండి. అప్పుడూ 12.3, 12.2 అని జారిపోతుంటే డైనమో చార్జింగ్ ఇవ్వడం లేదు, రేపు పొద్దున మళ్లీ ఇదే కథ. దీన్ని పరీక్షించడానికి నడుస్తున్న బండి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసే అలవాటు ఇప్పటికీ ఉంది. దాన్ని ఎవరు చేస్తానన్నా ఆపండి. బ్యాటరీ పక్కకి పోగానే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి కంప్యూటర్‌ని కాల్చేయొచ్చు.

చార్జింగ్ బాగుండి, బ్యాటరీ బాగుండి, రెండు రోజులు నిలిపితే డౌన్ అవుతుంటే ఏదో చాటుగా తాగుతోంది. 5 వాట్ల డిక్కీ బల్బు ఆరకుండా ఉంటే రోజుకు 10 ఆంపియర్ అవర్లు పోతాయి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు మూడు రోజుల్లో సెల్ఫ్ కొట్టలేని స్థితికి వస్తుంది. మైనస్ క్లాంపు తీసి, దానికీ దిమ్మకీ మధ్య మీటరుని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టండి. తలుపులు లాక్ చేసి, రిమోట్ దూరంగా పెట్టి, అరగంట ఆగండి. లోపలి కంప్యూటర్లు నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ రండి, ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ లైనులో ఉంది దొంగ. తర్వాత అమర్చిన స్టీరియో, కెమెరా, జీపీఎస్ లైన్లు ముందు చూడండి. మీటరు అలా ఉండగా తాళం తిప్పకండి. పని అయ్యాక ప్రోబ్‌ని వోల్టుల సాకెట్‌కి మార్చడం మరిచిపోవద్దు. అలాగే బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే.

ఇంత చేశాక కూడా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాల్సి రావచ్చు. వెళ్లేటప్పుడు కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి: "ఖాళీగా 12.5, సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ దగ్గర 12.3, సెల్ఫ్ బోల్టు దగ్గర 12.2, సన్నటి వైరులో 11.5, ఒక్క టక్, మోటారు తిరగలేదు." ఈ ఒక్క వాక్యం చూసి పని తెలిసిన మనిషి బ్యాటరీ జోలికి పోడు, నేరుగా సెల్ఫ్ విప్పడానికి పానా తీసుకుంటాడు.